ఆదోనిలో ప్రార్థన ఎవరు పాడవలెను

సంగీతం రెండు రకాలు: కచేరీ, ప్రార్థన. కచేరీ బయటి ఊరివాళ్లది, ప్రార్థన ఉన్న ఊరివాళ్లది. ఈ సత్యాన్ని కనుగొన్నది మా ఆదోని సంగీత నృత్యోత్సవ సంఘం. (శాస్త్రకారులు దీన్ని ఎలా వదిలేశారో తెలియదు.)

ఉత్సవ చరిత్ర క్లుప్తంగా ఇది. మొదట్లో ఊరివాళ్లే పాడేవారు, ఊరివాళ్లే వినేవారు. అది సంగీతమే గాని ఉత్సవం కాదని పెద్దలు గమనించారు. పత్తి వ్యాపారులు సంఘం పెట్టి, చెన్నై విద్వాంసులను రప్పించి, లోపాన్ని సరిచేశారు. ఊరి గొంతుకు ప్రార్థన కేటాయించి, నియమం రాశారు: ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోగానే ప్రార్థన ఆపవలెను, కూర్చోకముందు ఆపరాదు. (దేవుడికీ అతిథికీ మధ్య ఖాళీ వస్తే జనం ఇళ్లకు పోతారు.)

పావని పట్టులంగా వయసులో తొలి ప్రార్థన పాడింది. తర్వాత తిరుపతిలో సంగీతం ఎం.ఏ. చేసి వచ్చింది. ప్రార్థనే పాడుతోంది. సంఘం కార్యదర్శి, పత్తి వ్యాపారి విశ్వేశ్వరయ్యను ఏటా అడుగుతుంది.

"ఈ యేడన్నా ఒక అరగంట కచేరీ ఇప్పియ్యన్నా."

"నీకేంటికి తల్లీ ఆ తిప్పలు? మొదటి పాట నీదే గదా. చెన్నై ఆయన గూడా నీ తర్వాతే."

పోయిన ఏడు ముఖ్య అతిథి ఎమ్మిగనూరులో ఒక దుకాణం ప్రారంభించి రావలసి ఉంది. ముహూర్తం ప్రకారం పావని వినాయకుడి శ్లోకం అందుకుంది. అది అయిపోవచ్చింది, అతిథి రాలేదు. విశ్వేశ్వరయ్య ఫోన్ చేశాడు.

"యాడుండారు సార్?"

"దావలోనే ఉండాం. ముందర పత్తి లారీలు పోతాండాయి."

అవి తన లారీలే కాబట్టి ఆయన ఫోన్ పెట్టేశాడు. పావని వైపు తిరిగి, దూది నుంచి దారం లాగినట్టు చేత్తో సైగ చేశాడు. ఆమె లాగింది. శ్లోకం కల్యాణి రాగాలాపన అయింది, ఆలాపన కీర్తన అయింది. చెన్నై ఆయన కోసం వచ్చి ఊరకే కూర్చున్న మృదంగం సాయిరాం పక్కకు జరిగి వాయించడం మొదలుపెట్టాడు.

మైక్ సెట్ అబ్బాస్ అలీకి సందేహం వచ్చింది. "సేట్, ఇది ప్రార్థనా, కచేరీనా? ప్రార్థనకైతే ఒక బాక్సే ఆన్ చేసేది."

"ప్రార్థనే. నాలుగూ ఆన్ చెయ్."

శనగల ప్రసాదం వచ్చినా ఎవరూ లేవలేదు. (ఉత్సవ చరిత్రలో ఇది మొదటిసారి.) పావని స్వరకల్పన తారస్థాయికి చేరినప్పుడు అతిథి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నియమం ప్రకారం ఆమె 'పదనిస' మధ్యలో 'ని' దగ్గర ఆపేసింది.

"ఆయప్ప ఇంగ రెండు లారీల ఎనక వచ్చింటే బాగుండు," అంది ముందు వరుసలో శాంతమ్మ.

అతిథి ప్రసంగించారు. చెన్నై ఆయన రైలుకు వేళైందని మంగళం పాడి వెళ్లారు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పావని అద్భుతంగా పాడిందని సభ్యులంతా ఒప్పుకున్నారు. ఉత్సవానికి ప్రార్థనే ప్రాణమని మొదటిసారి తెలిసిందన్నారు. అంత ముఖ్యమైన అంశాన్ని ఇన్నేళ్లు ఊరివాళ్లకు వదిలేసినందుకు విచారం వెలిబుచ్చారు.

ఈ ఏడు ప్రార్థన పాడటానికి బెంగళూరు నుంచి ఒక విదుషి వస్తున్నారు. పావనికి అన్యాయమేమీ జరగలేదు. రైల్వే స్టేషన్‌లో ఆవిడ పేరున్న అట్ట పట్టుకొని నిలబడే గౌరవం, స్థానిక కళాకారుల కోటాలో, ఆమెకే దక్కింది.