ఆరు దాటాక మనిషన్నవాడు ఉండకూడదు

ఆ రోజుకి గేటాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఆరింటికి అడవి గేటు మూయాలి. లోపలివైపునుంచి తాళం వేసుకోవాలి. ఉడికిన బంగాళాదుంపలు ఉప్పు అద్దుకుని తినాలి. ఎనిమిదింటికి పడుకోవాలి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన ఇంతకంటే పెద్ద కోరిక కోరలేదు. ఇదీ తీరలేదు.

అది ప్రభుత్వం కాపాడుతున్న అడవి. పగలు ఎవరైనా పేరు రాసి లోపలికి వెళ్ళవచ్చు. రాత్రి వెళ్ళకూడదని ఎక్కడా రాసి లేదు కాబట్టి రాత్రీ వెళ్ళేవారు. పోయిన నెలలో ఒకడు చీకట్లో కొండరాయి అంచున నిలబడి ఫోటో తీసుకుంటూ జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. గేటాయన వాణ్ణి భుజాన వేసుకుని రెండు మైళ్ళు మోశాడు. దారంతా వాడు కాలు గురించి కాదు, పగిలిన ఫోన్ గురించి ఏడ్చాడు. ఆ తర్వాత కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి దారి తప్పింది. వాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటున్న గొంతులను బట్టి తెల్లవారుజామున పట్టుకున్నాడు.

పది రోజుల క్రితం కొత్తగా వచ్చిన రేంజరమ్మ ఇవన్నీ విని, రాత్రిపూట గేటు మూసేయాలని నిర్ణయించింది. ఉత్తర్వు ఎలా రాయాలని గేటాయననే అడిగింది.

"సందర్శకులు అని మాత్రం రాయకండి మేడమ్. నేను సందర్శకుణ్ణి కాదు, ఫలానావారి తమ్ముణ్ణి అంటారు. ఆరు దాటాక మనిషన్నవాడు లోపల ఉండకూడదు అని రాయండి."

"మరి సిబ్బంది?"

"సిబ్బంది అంటే సిబ్బంది చుట్టాలు కూడా వస్తారు. వద్దు."

రేంజరమ్మకు ఆ మాట నచ్చింది. అలాగే రాసింది.

తనను లెక్కలో వేసుకోకపోవడానికి గేటాయనకు కారణం ఉంది. కాగితాల ప్రకారం అడవి లోపల ఎవరూ కాపురం ఉండటం లేదు. చెరువు పక్కన ఉన్న రెండు గదుల క్వార్టర్‌ను ఆరేళ్ళ కిందటే శిథిలమని లెక్కల్లోంచి కొట్టేశారు. ఆయన భార్య పోయిందీ ఆ నెలలోనే, ఆ ఇంట్లోనే. గేటాయన ఖాళీ చేసి ఊళ్ళో బామ్మర్ది ఇంటికి మారినట్టు సంతకం పెట్టాడు. మారలేదు. ఆవిడ కళ్ళజోడు కిటికీలోనే ఉంది. ఉన్ని శాలువా మేకుకే ఉంది. చెప్పులు మంచం కిందే ఉన్నాయి. పదవీ విరమణకు ఇంకా ఎనిమిది నెలలు. ఈలోగా సంగతి బయటపడితే ఇల్లూ పోతుంది, దొంగ కాపురానికి పింఛనూ పోతుంది. తెలిసిన మనిషి బామ్మర్ది ఒక్కడే. అతనికి గేటు ఎదుట టీ బండి ఉంది. సాయంత్రం వచ్చే జనమే అతని బేరం.

"నా పొట్ట కొట్టావు కదా బావా," అన్నాడు బామ్మర్ది ఆ ఉదయం, కొత్త బోర్డు చదివి.

"ఆ పొట్టకి నాలుగు దెబ్బలు తగిలినా ఏం కాదులేరా."

"నవ్వులాటగా ఉందా? రాత్రంతా ఆ అడవిలో ఒక్కడివే పడుంటావు. రేపు ఒంట్లో బాగోకపోతే చూసేదెవరు? పలికేదెవరు?"

"నాకు తోడుంది."

బామ్మర్ది గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. అప్పటికే కడిగిన గ్లాసులే.

సాయంత్రం అయిదున్నరకు గేటాయన స్టౌ మీద బంగాళాదుంపలు పెట్టి, మంట సన్నగా తగ్గించి, ఇంటికి తాళం వేసి, ఈల ఊదుకుంటూ జనాన్ని తోలడానికి బయలుదేరాడు. లోపలికి వెళ్ళినవారు అరవై ముగ్గురు. బయటికి వచ్చినవారు అరవై ముగ్గురు. పుస్తకంలో రాసి గీత కొట్టాడు. ఆ రోజు ఆయన సరిగ్గా చేసిన చివరి పని అది.

ఆరుకు పది నిమిషాలుందనగా రేంజరమ్మ జీపు వచ్చింది. వెంట ఒక ఫోటోగ్రాఫరు, అరచేయంత కొత్త తాళం, లక్క ముద్ర.

"మీరూ బయటికి రండి. ఫోటోలో మీరు లేకపోతే ఎలా?"

గేటాయన బయటికి వచ్చాడు. నిటారుగా నిలబడ్డాడు. వెనక రేంజరమ్మ తాళం వేసింది. లక్క కరిగించి ముద్ర కొట్టింది. తాళంచెవులు రెండూ సంచీలో వేసుకుంది. ఫోటోలో గేటాయన మొహం మీద ఉన్నది నవ్వేనని తర్వాత చూసినవాళ్ళు అన్నారు.

"ఉదయం ఆరింటికి నేనే వచ్చి తీస్తాను. ఇన్నేళ్ళూ రాత్రింబవళ్ళు చేశారట. ఇకనైనా ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోండి."

ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. అదే పెద్ద చిక్కు.

"మేడమ్, టార్చి లోపల మర్చిపోయాను. ఒక్క నిమిషంలో..."

ఆవిడ గడియారం చూసింది. "ఆరు దాటింది. మనిషన్నవాడు అని చెప్పింది మీరే కదండీ?"

గేటాయన కంచె వైపు చూశాడు. దానికి తొమ్మిది కంతలు ఉండేవి. పోయిన వారమే తన చేతుల్తో తనే పూడ్చాడు. బాగా పూడ్చాడు.

రేంజరమ్మ వెళ్ళిపోయి ఉంటే ఏదో ఒకటి జరిగేది. ఆవిడ టీ తాగుతూ కూర్చుంది. ఆరూ ముప్పావుకి చెట్ల మీద సన్నటి పొగ లేచింది.

"పొగ! లోపల ఎవరో ఉన్నారు!"

"లేరు మేడమ్. అరవై ముగ్గురు వెళ్ళారు, అరవై ముగ్గురూ వచ్చారు."

"అయితే మంట దానంతటదే పెట్టుకుందా? మీరు లెక్కైనా తప్పు రాశారు, లేదా ఎవరినైనా కావాలని దాస్తున్నారు. ఏది?"

బావను కాపాడాలని బామ్మర్ది రంగంలోకి దిగాడు. చిన్నప్పటినుంచీ అతను కాపాడబోయిన ఏదీ నిలవలేదు.

"ఆయన తప్పేం లేదండి. నేను చూశాను. మధ్యాహ్నం ఎర్రచొక్కా వాడొకడు కంచె దూకాడు."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడు బేరం మీద ఉన్నానండి."

"మనిషి ఎలా ఉంటాడు?"

బామ్మర్దికి ఊహ తక్కువ. ఎదురుగా ఉన్న ఒక్క మొహాన్నే చూస్తూ చెప్పాడు. "పొడుగ్గా, కాస్త వంగినట్టు ఉంటాడండి. అరవైకి దగ్గర. గడ్డం నెరిసింది. ఎప్పుడూ చేదు మాత్ర నములుతున్నట్టు ఉంటుంది మొహం."

రేంజరమ్మ అంతా రాసుకుంది. గేటాయన గడ్డం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఏడింటికి పోలీసు జీపు, దాని వెనక ఫైరింజను వచ్చాయి. ఆ గంట చప్పుడుకి ఊరంతా వచ్చింది. "ఎర్రచొక్కా వేసుకున్న పెద్దమనిషీ! నిన్ను చుట్టుముట్టాం. మర్యాదగా బయటికి రా!" అని పోలీసు మైకులో అరిచాడు. చుట్టుముట్టినవారు ఎవరూ లేరు. అందరూ టీ బండి దగ్గర ఉన్నారు. బామ్మర్ది మూడోసారి పాలు తెప్పించాడు.

గంట కిందట వేసిన లక్క ముద్రను రేంజరమ్మ రాయి పెట్టి తనే పగలగొట్టింది. ఫైరింజను వెనకాలే జనం దూరారు. ప్రాణాలకు ప్రమాదమని రాత్రిపూట మూసిన అడవిలోకి, మూసిన మొదటి రాత్రే, రెండు వందలమంది వెళ్ళారు. తెరిచి ఉన్న రోజుల్లో రాత్రిపూట పదిమంది కంటే ఎక్కువ వెళ్ళేవారు కాదు. ఇద్దరు చెరువులో పడ్డారు. ఒకడి కాలు మడతపడింది. వాణ్ణి మొయ్యమని గేటాయనకే చెప్పారు.

క్వార్టర్ కిటికీలోంచి పొగ వస్తోంది. తాళంచెవి గేటాయన జేబులోనే ఉంది. తీయబోయే చేతిని బామ్మర్ది పట్టుకున్నాడు. "పింఛను బావా," అన్నాడు చెవిలో. ఫైరువాళ్ళు గొడ్డలితో తలుపు పగలగొట్టారు. మంట లేదు. మాడి బొగ్గయిన బంగాళాదుంపలు ఉన్నాయి, అంతే. అయినా తెచ్చిన నీళ్ళు వెనక్కి తీసుకెళ్ళడం ఎందుకని రెండు గదులూ తడిపేశారు.

"వాడు ఇక్కడ కాపురమే పెట్టాడు," అన్నాడు పోలీసు టార్చి తిప్పుతూ. "ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నావు. నీకు తెలీదా?"

"పాడుబడ్డ ఇల్లు అనుకున్నాను సార్," అన్నాడు గేటాయన.

టార్చి వెలుగు మంచం కిందికి వెళ్ళింది. మేకు మీదికి వెళ్ళింది.

"ఓహో. ఆడమనిషి కూడా ఉంది. మరి కంచం ఒకటే ఉందేం? ఒకే కంచంలో తింటారు కాబోలు," అని నవ్వాడు పోలీసు. ఇంకెవరూ నవ్వలేదు.

రేంజరమ్మ కిటికీలోని కళ్ళజోడు తీసి చూసింది. "ఇది కూడా పెట్టుకోకుండా పోయిందంటే చాలా తొందరలో పోయి ఉంటుంది. మీకు ఈ అడవి బాగా తెలుసు. ఎటు వెళ్ళి ఉంటుందంటారు?"

"దూరం వెళ్ళిపోయుంటుంది మేడమ్."

"వెతికితే దొరుకుతుందా?"

"దొరకదు మేడమ్. నేను వెతికాను."

రేంజరమ్మ తలెత్తింది. ఇది నా ఇల్లు అని చెప్పడానికి ఆయనకు దొరికిన సమయం అంతే. చాలినంత సమయమే. ఆవిడ బహుశా వినేది కూడా. గేటాయన నోరు తెరిచాడు. బామ్మర్ది ఆయన కాలు తొక్కాడు.

"ఇప్పుడే... చెరువు వైపు వెతికాను," అన్నాడు గేటాయన.

పోలీసు పంచనామా రాశాడు. మొదటి సాక్షిగా గేటాయన సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండానే ఆ ఇంటిని దొంగల స్థావరమని పడగొట్టారు. పొగను సకాలంలో కనిపెట్టినందుకు గేటాయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. పొగను కనిపెట్టింది ఆయన కాదు, పెట్టింది ఆయన. ఎర్రచొక్కా వాడి బొమ్మ గీయించి గేటుకు అంటించారు. దాని కిందే కూర్చుని గేటాయన పగలంతా పేర్లు రాసేవాడు. బొమ్మను చూసినవారు ఆయన్ను చూడలేదు. ఆయన్ను చూసినవారు ఎవరూ లేరు. రాత్రిళ్ళు గేటాయన బామ్మర్ది ఇంటి వరండాలో పడుకునేవాడు. ఆ ఎర్రచొక్కా వాడు కనిపిస్తాడేమోనని రోజూ సాయంత్రం జనం గేటు దాకా వచ్చి, మూసి ఉండటం చూసి, టీ తాగి వెళ్ళేవారు. బామ్మర్ది రెండో బండి పెట్టాడు.

కళ్ళజోడు, శాలువా, చెప్పులు గేటు లోపలి గదిలో, అడవిలో దొరికిన వస్తువులు పెట్టే బీరువాలోకి చేరాయి. ఎవరైనా వచ్చి రుజువు చూపించి అడిగితే ఇచ్చేయాలి. ముప్పై రోజుల్లో ఎవరూ రాకపోతే చెత్తలో వేయాలి. ఆ బీరువా పుస్తకం రాసేది గేటాయనే.

"నేనెళ్ళి అడుగుతాను బావా. అవి మా అక్కవని చెప్తాను," అన్నాడు బామ్మర్ది.

"చెప్తే ఎర్రచొక్కా వాడి బామ్మర్దివి అవుతావురా."

"అంతే కదా మరి."

"అందుకే వద్దు."

"పోనీ ఒక్క రాత్రి బీరువా తీసి జేబులో..."

"తాళంచెవి రేంజరమ్మ దగ్గరుంది. ఆరు దాటితే ఆ గదిలోకి కూడా మనిషన్నవాడు వెళ్ళకూడదు."

"అదెవరు పెట్టారు?"



ముప్పయ్యో రోజు సాయంత్రం, గేటు మూసే ముందు, ఆయన పుస్తకం తెరిచి, సొంతదారులెవరూ రాలేదు అని రాసి, సంతకం పెట్టాడు.