తప్పంతా గుర్రాలదే

ఫసలీ 1350, బహ్మన్ మాసం, మొదటి సోమవారం నాడు పాలమూరు జిల్లాలో ఒకానొక తాలూకా కచేరీలో గడచిన ఆరు వారాల గుర్రప్పందేల జోస్యాల మీద సమీక్ష జరిగింది. మొత్తం పద్దెనిమిది జోస్యాలు చెప్పబడ్డాయనీ, పద్దెనిమిదీ సరైనవేననీ, గుర్రాలే తప్పుగా పరుగెత్తాయనీ సభ ఏకగ్రీవంగా తేల్చింది.

తాలూకా పేరు రాయడం లేదు. రాస్తే ఒక్క తాలూకావారు నొచ్చుకుంటారు. రాయకపోతే అందరూ పక్క తాలూకా సంగతేనని సంతోషిస్తారు.

సభ జరుగుతున్నంతసేపూ వసారాలో గొంగడి భుజాన వేసుకొని నిలబడ్డవాడు గుర్వయ్య. గొర్రెలు కాచుకొని బతికే కురుమ సంసారి. మల్లన్నకు దండం పెట్టనిదే గడప దాటడు. అతని పదిహేడు గొర్రెలు నాలుగు రోజులుగా సర్కారు బందెలదొడ్డిలో ఉన్నాయి. అవి చేసిన నేరం సర్కారు బీడు కంచెలో గడ్డి మేయడం. ఆ మేతకు గుర్వయ్య పుల్లరి కట్టాడు, రసీదు కూడా ఉంది. కాని రసీదు రాసిన మున్షీ ఎండ వేడిమికో ఏమో, పదిహేడు మేకలని రాశాడు. పుల్లరి కట్టిన మేకలు లేవు, ఉన్న గొర్రెలకు పుల్లరి లేదు. లేని మేకలను దొడ్డిలో పెట్టడం వీలుకాదు గనుక ఉన్న గొర్రెలను పెట్టారు. ఇందులో కచేరీవారిని అనడానికి ఏమీ లేదు.

పదిహేను రోజుల్లోగా విడుదల హుకుం రాకపోతే దొడ్డిలోని జీవాలను హర్రాజు వేస్తారు. ఆ పదిహేడు గొర్రెలే గుర్వయ్య ఇంటికి అన్నం, బట్ట. అందులో రెండు సూడివి, నెలా నెలన్నరలో ఈనేవి. హుకుం ఇవ్వవలసిన తహసీల్దారుగారు ఊళ్ళ దౌరాలో ఉన్నారు. ఆయన ఎప్పుడూ దౌరాలోనే ఉంటారు. ఏ ఊరివారిని అడిగినా పక్క ఊళ్ళో ఉన్నారని చెప్తారు. ఆయన బదులు దస్తకతు పెట్టేది పేష్కారు. పేష్కారుకు తీరిక లేదు, సమీక్షలో ఉన్నాడు.

పట్నంలో శనివారం శనివారం గుర్రాలు పరుగెత్తుతాయి. ఏ పందెంలో ఏ గుర్రాలున్నదీ గురువారం నాటికే పత్రికలో అచ్చై రైలు మీద వస్తుంది. ఆ పత్రిక అందగానే కచేరీలో సర్కారు పని నిలిచిపోతుందని గిట్టనివాళ్ళు అంటారు. అది అన్యాయం. అంతకు ముందు కూడా ఆ పని నడిచేది కాదు.

జోస్యం చెప్పేవారు ముగ్గురు. పేష్కారు గుర్రం వంశం చూసి చెప్తాడు. తన వంశం చూసుకున్నట్టే చూస్తాడు, అంటే మంచివాళ్ళను మాత్రమే లెక్కపెడతాడు. భూములు కొలిచే గిర్దావరు, పత్రికలోని బొమ్మ మీద దారం పెట్టి గుర్రం కాళ్ళు కొలుస్తాడు. ఖజానా చూసే నాజరు భక్తుడు. యాదగిరిగుట్టకు పోయి స్వామి ముందర గుర్రాల పేర్లతో చీటీలు వేసి ఒకటి తీస్తాడు. వచ్చిన పేరు నచ్చకపోతే స్వామికి ఇంకా మెలకువ రాలేదని మళ్ళీ తీస్తాడు.

“బిజ్లీ!” అని చదివాడు పేష్కారు, కండ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుంటూ. “తొమ్మిది గుర్రాలల్ల తొమ్మిదోది. ఎవరి జోస్యం?”

“నాదే సాబ్” అన్నాడు గిర్దావరు. “కొలతల ఇంచు తేడా లేదు. ఆ మైదానమే గుండ్రంగ ఉన్నది. తిన్నగ ఉంటే గెలిచేటిది.”

“మలుపులు తిరుగుడు నేర్వకపోవుడు గుర్రం తప్పు” అని పేష్కారు రాసుకున్నాడు. “ఇగ గుల్‌బదన్. నా జోస్యం. గీత కాడ నిలబడి గడ్డి మేసిందట. వంశం గొప్పది, దాని తాత లాటుసాబు బగ్గీ గుంజిండు. వంశం పరువు తీసుడు గుర్రం తప్పు. సమందర్?”

“స్వామి ఇచ్చిన చీటీ” అన్నాడు నాజరు భక్తిగా. “రెండేండ్ల కిందనే సచ్చిపోయిందట.”

“సచ్చిన గుర్రం పేరు చీటీల ఎట్లొచ్చిందయ్యా?”

“రాసింది నేను, తీసింది స్వామి. సచ్చినదాన్ని ఉరికిచ్చే శక్తి స్వామికి లేదంటరా?”

స్వామి శక్తిని శంకించే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. ఉరకనిది సమందరే గనుక తప్పు సమందర్‌దేనని రాశారు.

తర్వాత పేష్కారు ముగ్గురు ముద్దాయిల పేరా జవాబ్‌తలబులు రాయించాడు. కచేరీలో సంజాయిషీ అడిగే కాగితాన్ని అలా అంటారు. ‘తమరు ఫలానా శనివారం నాడు విధి నిర్వహణలో చూపిన అలసత్వమునకు కారణం పది దినములలోగా తెలుపవలెను. తెలుపనిచో తమ మీద ఇకముందు పందెం కాయబడదు.’ చచ్చిన సమందర్‌కు దయతలచి ఇరవై దినములు గడువిచ్చారు.

వసారాలో గుర్వయ్యకు ఇక ఆగబుద్ధి కాలేదు.

“దొరా, కోపం చెయ్యకుండ్రి. మీరు ఆ గుర్రాలను ఎన్నడన్న చూసిండ్రా?”

ముగ్గురూ వసారా వైపు తిరిగారు.

“చూసి చెప్తే జోస్యమెట్లయితదిరా?” అన్నాడు పేష్కారు.

“ఏమో దొరా. నేనైతే చూసే చెప్త. దొడ్డి తలుపు తీస్తే నా మందల ఏ గొర్రె ముందుగాల బయటికొస్తదో గిప్పుడే చెప్త. జర తలుపు తీపిస్తే...”

మాట ఎటు తిప్పినా దొడ్డి దాకా తేవాలని గుర్వయ్య ఆశ. పేష్కారుకు వినబడ్డది వేరు.

“అంటే, నీ గొర్రెలకు రాబోయేది తెలుస్తదన్నమాట!”

“గొర్రెలకు కాదు దొరా, నాకు...”

“సప్పుడు చెయ్యకు. వినుండ్రి!”

శుక్రవారం నాడు గొర్రెల మెడలో గుర్రాల పేర్లు కట్టాలి, తలుపు తీయాలి, మొదట వచ్చిన గొర్రె మెడలోని పేరు మీద పందెం కాయాలి. గుర్రం గెలిస్తే సోమవారమే విడుదల హుకుం. ఇదీ పేష్కారు ఏర్పాటు. గిర్దావరు దీన్ని శాస్త్రమన్నాడు, నాజరు దైవమన్నాడు. రెండూ ఒక చోట కలిసినందుకు అందరూ చాయ తాగారు.

ఇంటికి వచ్చిన గుర్వయ్య బువ్వ ముట్టలేదు.

“బొల్లి గొర్రె ఎప్పుడైనా ముందుగాలనే ఎల్లుతదే” అన్నాడు పెండ్లాంతో. “పుట్టినప్పటి సంది దానెన్కనే మంద. దాని మెడల ఏ పేరుంటే గదే గెలిచినట్టు. గిది మోసం గాదా?”

లక్ష్మీనర్సమ్మ అతని ముందర నీళ్ళ చెంబు పెట్టింది. “నువ్వు చెప్పినవా?”

“చెప్పబోయిన.”

“ఇన్నరా?”

“ఇనలే.”

“ఇగ మోసమెట్లయితదయ్యా? ఇననోళ్ళకు చెప్పుడు నీ పని గాదు. సూడి గొర్లు ఎండుగడ్డి మీద పన్నయి. ముందుగాల అవి ఇంటికి రానీ, దేవునికి తరువాత చెప్పుకో.”

దేవునికి తరువాత చెప్పుకోవడం గుర్వయ్యకు అలవాటు లేదు. అయినా ఊరుకున్నాడు.

శుక్రవారం దొడ్డి జవాను జానయ్య చేతికందిన గొర్రె మెడలో చేతికందిన చీటీ కట్టాడు. బొల్లి మెడలో దిల్‌ఖుష్ పడింది. తలుపు తీశారు. బొల్లి బయటికొచ్చింది. మరునాడు పట్నంలో ముందున్న నాలుగు గుర్రాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయట, ఐదోది బెదిరి జనంలోకి పోయిందట. దిల్‌ఖుష్‌కు గెలవడం తప్ప వేరే దారి లేకపోయింది.

సోమవారం గుర్వయ్య తలకు ఎర్ర రుమాలు చుట్టి, కట్టె పట్టుకొని గొర్రెలను తోలుకుపోను వచ్చాడు. పేష్కారు లేచి నిలబడి ఉపన్యసించాడు.

“మన రియాసతులో ఏనుగులకు కొలువులున్నవి. ఒంటెలకు ఉన్నవి. గుర్రాల సంగతి చెప్పనే అక్కరలేదు. తరతరాలుగా ఒక్క గొర్రె జాతికే అన్యాయం జరిగింది. నేటితో ఆ మచ్చ తొలగుచున్నది. ఈ పదిహేడు గొర్రెల హర్రాజు రద్దు చేయడమైనది. విడుదల కూడా రద్దు చేయడమైనది. ఇవి ఇకమీదట సర్కారు కొలువులో ఉండును.”

“దొరా, గెలిస్తే ఇడుస్తనంటిరి గద!”

“ఎడ్డోడా! ఇంత తెలివిగల్ల జీవాలను రాళ్ళల్ల రప్పలల్ల తిప్పుతవా?”

గుర్వయ్య చెట్టు కింద కూర్చొని ఆలోచించాడు. బొల్లి మెడలో వారానికో పేరు పడుతుంది. జోస్యం తప్పక తప్పదు. తప్పితే వాళ్ళే విసిగి వదిలేస్తారు. నాలుగు వారాలు ఓపిక పట్టాడు. నాలుగు వారాలూ జోస్యం తప్పింది. ఒక గుర్రం ఆఖరున వచ్చింది, ఒకటి కుంటింది, ఒకటి రౌతును కింద పడేసి ఒంటరిగా పరుగెత్తింది, ఒకటి వెనక్కి తిరిగి బయలుదేరింది. నాలుగు సమీక్షలు జరిగాయి. గొర్రె సకాలంలో బయటికి వచ్చిందనీ, గుర్రం దానికి తగినట్టు నడుచుకోలేదనీ నాలుగుసార్లు తేలింది. నాలుగు జవాబ్‌తలబులు పట్నం పోయాయి.

అప్పుడు గుర్వయ్యకు అర్థమైంది. గెలిస్తే గొర్రె గొప్ప, ఓడితే గుర్రం తప్పు. దొడ్డి తలుపు ఎటునుంచీ తెరుచుకోదు.

ఈలోపు గొర్రెల ఖ్యాతి ఊళ్ళకు పాకింది. బావి తవ్వే జాగా ఎక్కడో అడగను వచ్చారు, పిల్లకు ఏ సంబంధం చేయాలో అడగను వచ్చారు. ఉప్పలమ్మ అనే ఆవిడ తన ఇద్దరు కోడండ్లలో పప్పు మాడ్చిందెవరో తేల్చుమని వచ్చింది. గొర్రె చిన్నకోడలిని తేల్చింది. చిన్నకోడలు నెల రోజులుగా తల్లిగారింట్లో ఉంది. అంత దూరం నుంచి మాడ్చిందంటే ఎంత గట్టిదో చూడండని అత్తగారు ఊరంతా చెప్పుకుంది.

దొడ్డిలో మొదటి సూడి గొర్రె ఈనింది. తల్లికి మేత చాలక పాలు పడలేదు. రెండో రోజు పిల్ల పోయింది. కచేరీ దాఖలాలో అది పుట్టినట్టు రాసుకోలేదు గనుక పోయినట్టు రాయవలసిన పని పడలేదు. ఆ సంగతి విని కూడా లక్ష్మీనర్సమ్మ చేటలో జొన్నలు చెరుగుతూనే ఉంది. గుర్వయ్య ఆమె ఏదైనా అంటే బాగుండుననుకున్నాడు.

ఐదో సోమవారం పొద్దున దొడ్డి కంచె సందు నుంచి చూస్తే రెండో సూడిదానికి పొదుగు దిగి ఉంది, నేడో రేపో ఈనేట్టుంది. గుర్వయ్య అక్కడి నుంచి తిన్నగా కచేరీలోకి నడిచాడు. సమీక్ష నడుస్తోంది. పేష్కారు ఐదో గుర్రం తప్పు రాయబోతున్నాడు.

“తప్పు గుర్రానిది గాదు దొరా” అన్నాడు గుర్వయ్య. “తప్పు నాది.”

పేష్కారు కలం ఆగింది. “ఏమన్నవ్?”

“తప్పు నాదన్న. బొల్లి ఎప్పుడైనా ముందుగాలనే వస్తది, నా మంద నడక గంతే. గుర్రాలకూ దానికీ ఏం సంబంధం లేదు. మీరు ఇనకున్నా నేను గట్టిగ చెప్పాల్సుండె. గొర్లు వస్తయన్న ఆశకు నోరు మూసుకున్న. తప్పయింది.” గుర్వయ్య రెండు చేతులతో చెంపలు వేసుకున్నాడు.

గిర్దావరు చేతిలోని దారం జారిపోయింది. కచేరీలో ఆ మాట అంతకు ముందు ఎవరూ వినలేదు. ఇలాంటి దానికి ఏ కాగితం రాయాలో, ఏ అల్మారాలో పెట్టాలో తెలియలేదు. ముప్ఫై ఏండ్ల మిసిళ్ళు, పాత దస్త్రాలన్నీ తిరగేశారు. వానది తప్పని ఉంది, ఎలుకలది తప్పని ఉంది, చెదలది, రైతులది, బదిలీ అయిపోయిన సాబుది తప్పని ఉంది. నాది తప్పని ఎక్కడా లేదు.

“అది గుడిల చేసే పనిరా!” అన్నాడు పేష్కారు రెండడుగులు వెనక్కి వేసి. “కచేరీల చేస్తరా ఎవడన్న?”

“దేవుని ముందరయితే ఫికర్ లేదు” అన్నాడు నాజరు. “ఆయన బయట చెప్పడు.”

అంతలో తలుపు దగ్గర నిలబడ్డ జానయ్య ముఖం అదోలా అయింది. పెదవులు కదిలాయి. “సాబ్... ఆ గొర్లకిచ్చిన గడ్డి మోపులల్ల సగం నేనే మా ఇంటికి...”

పేష్కారు ఒక్క దుముకు దుమికి జానయ్య నోరు మూశాడు. “అంటుకుంటున్నది! ఇది అంటుకుంటున్నది!”

హుకుం తయారు కావడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ కచేరీలో అంత వేగంగా పని జరగడం అదే మొదలు. ‘గుర్వయ్య అను కురుమకు అంటురోగం సోకినందున, అతడు తన పదిహేడు గొర్రెలతో పొద్దుగూకకముందే తాలూకా పొలిమేర దాటవలెను.’ జానయ్యను మూడు రోజులు ఒంటరిగా ఉంచి, మంచి మాటలు చెప్పి నయం చేశారు. గుర్వయ్య నిలబడ్డ చోట సున్నం చల్లి, గుమ్మానికి వేపమండలు కట్టారు.

లక్ష్మీనర్సమ్మ ఇంటి సామాను నెత్తికెత్తుకుంది. కొల్లాపూర్ దిక్కు ఆమె తల్లిగారు ఉన్నారు. పొలిమేర దాటిన కాసేపటికి సూడి గొర్రె తుప్పల చాటున ఈనింది. పిల్ల లేచి నిలబడి పాలు తాగింది. గుర్వయ్య దాన్ని గొంగడిలో చుట్టుకొని ముందుకు నడిచాడు.

ఆ రోగం ఆ తాలూకాలో మళ్ళీ కనబడలేదు. చుట్టుపట్ల ఏ కచేరీలోనూ, ఏ ఇంట్లోనూ సోకిన జాడ లేదు. చదివేవారు కూడా దిగులుపడవలసిన పని లేదు. ఇంతసేపూ పేష్కారును చూసి నవ్వినవారిలో, అది తన ముఖమేనని ఒక్కరికైనా అనిపించి ఉంటే కదా అంటుకునేది.