ఇరవై పోస్టుల సన్మానం

గురువారం పొద్దున్న ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని, సోమేశ్వరరావు గారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. రాజోలులో పోస్టుమాస్టరుగా రిటైరయ్యాక ఆయన 'లంకల కబుర్లు' అనే తెలుగు వెబ్‌సైటు ఒకటి నడుపుతున్నారు. కోనసీమ వాళ్లెవరైనా అందులో సభ్యులుగా చేరి కథో, కవితో, ఊరి కబురో రాసుకోవచ్చు. ఆదివారం దానికి మొదటి వార్షికోత్సవం. బాగా రాస్తున్నవాళ్లను పిలిచి శాలువాలు కప్పాలని ఆయన సంకల్పం.

సాహిత్య సభలంటే ఆయనకు లోలోపల భయమే. కిందటేడు ఊళ్లో జరిగిన సభలో వేదిక మీద జనం ఎక్కువై, కింద తక్కువై, చివరికి వందన సమర్పణ మైకు అద్దెకిచ్చిన అతను ఒక్కడే విన్నాడు.

"రిటైరయ్యేక కూడా ఈ పోస్టుల గోలేవిటండీ?" అంది ఆయన భార్య ఆదిలక్ష్మి, కాఫీ గ్లాసు పక్కన పెడుతూ.

"ఇవి వేరే పోస్టులే. సైట్లో జనం రాసినవాటిని పోస్టులంటారు. ఎవరు ఎన్ని రాసేరో కంప్యూటరే తేల్చి చెప్తుంది."

ఎలా తేల్చి చెప్తుందో ఆయనకు తెలియదు. సైటు తయారుచేసి ఇచ్చిన క్రిస్టీనా అమలాపురం కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. ఆ రోజు ఏదో శిక్షణకని కాకినాడ వెళుతోంది. ఆయన ఫోన్ చేసేసరికి బస్సులో ఉంది.

"సభ్యుల పేజీ తెరవండి సార్. పోస్టుల సంఖ్య అని ఉంటుందండి. పక్కన ఒక గుర్తు, ఆ పక్కన గడి. గడిలో ఇరవై కొట్టండి. అంతకన్నా ఎక్కువ రాసినవాళ్లే వస్తారు."

"గుర్తులు రెండున్నాయమ్మా. ఒకటి అటు నోరు తెరిచింది, ఒకటి ఇటు."

"నోరు పెద్దదాని వైపు ఉండాలండి..." అంటుండగానే సిగ్నలు పోయింది.

తెర మీద కనిపిస్తున్న అంకె ఒక్క ఇరవయ్యే. దానికన్నా పెద్దది చుట్టుపక్కల ఏదీ లేదు. ఆయన నోటిని ఇరవై వైపు తిప్పారు. దాంతో ఇరవై కన్నా తక్కువ రాసినవాళ్లందరినీ చూపించమని చెప్పినట్టయింది. కంప్యూటరు మారు మాట్లాడకుండా చూపించింది. పేర్లు పేజీలు పేజీలుగా దిగుతుంటే ఆయన ఛాతీ ఉప్పొంగింది.

"చూసేవా! మన లంకల్లో ఇంతమంది రచయితలున్నారు!"

"ఇంతమందికి శాలువాలెక్కడివి?" అంది ఆదిలక్ష్మి.

శాలువాల బదులు కండువాలనుకుని, ఆయన అందరికీ ఒకే మెయిల్ పంపారు: 'మీ కలం మన సీమకు గర్వకారణం. ఆదివారం జరిగే సన్మానం స్వీకరించండి.' తర్వాత గుర్తును అటు తిప్పి చూస్తే ముగ్గురే మిగిలారు. వీళ్లు పేరు రాయించుకుని ఊరుకున్న బద్ధకస్తులన్నమాట. పాత ఉద్యోగపు అలవాటుతో, పేర్లయినా చూడకుండా, వాళ్లకు కాస్త ఘాటుగానే రాశారు: 'సభ్యులుగా చేరి ఒక్క ముక్కయినా రాయకపోవడం మర్యాద కాదు. ఇకనైనా కలం పట్టండి.'

మధ్యాహ్నం మొదటి ఫోను కొబ్బరికాయల వ్యాపారి బుచ్చిరాజుది.

"మాస్టారూ, మీ మెయిలొచ్చిందండి. నేనేం రాసేనో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదండి."

"గొప్పవాళ్లంతా ఇలాగే అంటారు రాజు గారూ. అది మీ వినయం."

"ఆయ్... అంతేనంటారా?"

"అంతేనండి."

వినయం అంత సులువుగా రుజువయ్యాక బుచ్చిరాజు ఇంక ఆగలేదు. సాయంత్రానికి రాజోలు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. 'సాహితీవేత్త బుచ్చిరాజు గారికి శుభాకాంక్షలు' అన్న అక్షరాల కింద బొమ్మలో అతను చొక్కా జేబులో నాలుగు పెన్నులు పెట్టుకుని నవ్వుతున్నాడు. ముమ్మిడివరం నుంచి అత్తగారు బయలుదేరారని కూడా కబురొచ్చింది.

శుక్రవారం సత్తిరాజు వచ్చాడు. కొత్తపేట నుంచి స్కూటరు మీద, ఆ ఘాటు మెయిల్ అచ్చు తీసిన కాగితంతో వచ్చాడు. 'లంకల కబుర్లు'లో రోజు విడిచి రోజు సీరియల్ రాసేది అతనే.

"ఒక్క ముక్కా రాయలేదా అండీ నేను?" అన్నాడు కాగితం చూపిస్తూ. "ఏడాదిగా రాస్తున్నాను. బాగుందన్నవాడు లేడు, బాగోలేదన్నవాడూ లేడు. చివరికి మీరు కూడా చదవలేదన్నమాట!"

సోమేశ్వరరావు గారు నోరు తెరిచేలోపే అతను స్కూటరెక్కి వెళ్లిపోయాడు. సత్తిరాజు సీరియల్ ఆయనకు ప్రాణం. కాకినాడకు మళ్లీ ఫోన్ చేశారు.

"గుర్తు తిరగబడిందండి సార్," అంది క్రిస్టీనా మెల్లగా. "మీరు పిలిచినవాళ్లలో చాలామంది ఒక్కటీ రాయలేదండి."

"అయితే సన్మానం లేదని చెప్పేస్తాను."

"చెప్తారా?" అంది ఆదిలక్ష్మి. "బుచ్చిరాజు గారి అత్తగారు దిగిపోయేరు. ఆవిడకి మీరే చెప్పండి."

ఆయన చెప్పలేదు. ఆ ముగ్గురికీ మాత్రం క్షమాపణ రాద్దామని కూర్చున్నారు: 'నిన్నటి మెయిల్లో పొరపాటు జరిగింది. మన్నించి, సభకు సకుటుంబంగా దయచేయండి.' కంగారులో మీట నొక్కితే అది ముగ్గురితో ఆగకుండా సభ్యులందరికీ వెళ్లింది. సన్మానితులు చదువుకుని, జరిగిన పొరపాటు కుటుంబాన్ని పిలవకపోవడమే కాబోలని సంతోషించారు.

ఆదివారం హాలు నిండిపోయింది. వాకిట్లో ఆటోలు, అరుగు మీద చెప్పులు, కిటికీలకు పిల్లలు. అంత జనాన్ని చూసి సోమేశ్వరరావు గారికి ఆనందించాలో పారిపోవాలో తెలియలేదు. సత్తిరాజు కూడా వచ్చాడు. అందరికీ పంపిన క్షమాపణతో కోపం తీరక, సభలోనే నిలదీద్దామని ఆ కాగితం పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

మొదట బుచ్చిరాజును మైకు దగ్గరికి పిలిచారు. అతను అత్తగారి వైపు ఒకసారి, జనం వైపు ఒకసారి చూశాడు.

"అబద్ధం ఎందుకండీ, నేనేమీ రాయలేదు. కొబ్బరి ధర చూద్దామని సైట్లోకెళ్లి, పక్కనున్న సీరియల్ చదివేనండి. అప్పట్నించీ వదలకుండా చదివి మా ఆవిడకీ వినిపిస్తున్నాను. ఇంతకీ సత్తిరాజు గారంటే ఎవరండీ? పడవ మునిగేక ఆ పిల్ల బతికిందా లేదా? గురువారం నించీ మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించట్లేదు."

వెనక వరసలోంచి నర్సు యేసురత్నం లేచింది. "మా వార్డులోనూ అదే గొడవండి! ఆ పిల్లని చంపేరంటే ఊరుకోం!"

"చంపొద్దండీ!" అని హాలంతా అరిచింది.

సత్తిరాజు లేచాడు. చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. కళ్లు తుడుచుకుని, వేదికెక్కి, బుచ్చిరాజుకు తన చేత్తోనే కండువా కప్పాడు.

"బతికే ఉందండి," అన్నాడు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆ రాత్రి సోమేశ్వరరావు గారు హాయిగా నిద్రపోయారు. సోమవారం నుంచి సన్మానం పొందినవాళ్లంతా కండువా బరువుకు కథలు మొదలుపెట్టారు. బుచ్చిరాజు రెండు సీరియళ్లు ఎత్తుకున్నాడు. సత్తిరాజు మాత్రం రాయడం మానేశాడు. అందరివీ చదివి బాగుందనేసరికే రోజు గడిచిపోతోందట.