ఖాళీ డబ్బీ

ఆ శుక్రవారం లేఖకుడు శ్రగా పెట్టుకున్న పనులు మూడే. ఊటనీళ్ల స్నానశాలలో మూడు మునకలు వేయడం, గడ్డం దువ్వుకోవడం, రెబ్ టోడ్రస్ కోసం ఎదురుచూడటం. సఫేద్ ఊళ్లో యూదుల పాత ప్రార్థనా మందిరానికి కొత్త తోరా, అంటే వాళ్ల పవిత్ర గ్రంథం, చేత్తో రాయించబోతున్నారు. ఆ పని ఎవరికిస్తారో మందిరం పెద్ద టోడ్రస్ మధ్యాహ్నం వచ్చి చెబుతానన్నాడు. ఇరవై ఏళ్లుగా శ్రగా రాసినవన్నీ గుమ్మాల మెజుజాలే. అరచేతంత తోలు ముక్క మీద దైవవాక్యం రాసి, చుట్టి డబ్బీలో పెట్టి, తలుపు పక్కన మేకులతో బిగించేవి, వచ్చేపోయేవాళ్లు ముద్దు పెట్టుకునేవి. "ఒక్క తోరా రాసి చచ్చిపోయినా చాలు" అంటాడు భార్యతో. "ముందు రాయండి, మిగతాది తరవాత చూద్దాం" అంటుంది ఆవిడ.

మునకలు వేసి ఇంటికి వచ్చేసరికి పక్కింటి హిండా వెండి డబ్బీ పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఇంట్లో ఏ తేడా వచ్చినా ముందు మెజుజాలో అక్షరం చెరిగిందేమో చూపించుకోవడం ఆ ఊరి అలవాటు. డాక్టరు వంతు ఆ తరవాతే వస్తుంది.

"మోకాలు పట్టేసింది నాయనా. కాలు అన్న మాట ఎక్కడైనా చెరిగిందేమో చూడు" అంది హిండా.

"అందులో కాలు అన్న మాటే లేదు పిన్నీ."

"అందుకే పట్టేసిందేమో. చూడు."

లోపలికెళ్లి డబ్బీ తెరిచాడు. ఖాళీ. తలకిందులు చేసి కొట్టాడు. కాస్త దుమ్ము రాలింది.  ఏ డబ్బీలో పెట్టిచ్చాడో గుర్తులేదు గానీ, ఏడేళ్ల కిందట హిండా ఇంటికి రాసిచ్చింది తనే. అంటే లోపల తోలు పెట్టడం మరిచిపోయి ఉత్త డబ్బీ బిగించి వచ్చాడన్నమాట. ఈ సంగతి బయటపడితే తోరా కాదు కదా, చాకలి పద్దు కూడా ఎవరూ రాయించుకోరు. హిండాను ఒక్క ప్రశ్న అడిగితే అక్కడితో తేలిపోయేది. భయపడ్డవాడికి ప్రశ్నలు తోచవు. "సాయంత్రంలోగా చూసిస్తాను" అని ఆమెను పంపేసి, ఇంకెన్ని ఇళ్లలో ఇలా చేశాడోనని సుత్తీ ఉలీ తీసుకుని వీధిలోకి బయలుదేరాడు.

మూడిళ్ల డబ్బీలు గుట్టుగా ఊడదీసి చూశాడు. మూడింటిలోనూ తోలు భద్రంగానే ఉంది. నాలుగో గుమ్మం దగ్గర ఇంటాయన ఫైవిష్ తలుపు తీశాడు. పుస్తకాలు కట్టే ఫైవిష్ కడుపు నింపేది జిగురు, మనసు నింపేది మార్మిక విద్య. దేనికైనా అక్షరాలకు అంకెలు వేసి లెక్క కట్టి రహస్యం పట్టుకుంటాడు.

"పట్టపగలు నా గుమ్మం దోచుకుంటున్నావేంట్రా?"

శ్రగా దాచలేక చెవిలో చెప్పేశాడు. ఫైవిష్ కళ్లు మెరిశాయి.

"ఆగు. డబ్బీ చెక్కుచెదరలేదు కదా?"

"లేదు."

"మూత బిగించే ఉందా?"

"ఉంది."

"మరైతే దొంగ మనిషి కాడు. అక్షరాలు ఎగిరిపోవడం పెద్దలు చెప్పిందే. తోలుతో సహా ఎగిరాయంటే పైనుంచి కబురొచ్చినట్టే."

"మరిచిపోయానేమో అంటున్నా కదరా."

"నీ మొహం. మరపు అన్న మాటకి లెక్క కట్టి చూశావా?"

ఎవరికీ చెప్పనని ప్రమాణం చేసి ఫైవిష్ స్నానశాలకెళ్లాడు. శుక్రవారం స్నానశాలలో ఊరి మగవాళ్లందరూ మెడదాకా నీళ్లలో ఉంటారు. అక్కడ చెప్పిన రహస్యం తల తుడుచుకునేలోపే ఇళ్లకు చేరుతుంది. మధ్యాహ్నానికి శ్రగా వాకిట్లో ఊరంతా వరస కట్టింది. ప్రతి చేతిలోనూ తన గుమ్మం నుంచి పీకి తెచ్చిన డబ్బీ ఉంది. అక్షరాలు ఎగిరిపోయే ఊళ్లో ఎవరి భయం వారిది.

సరిగ్గా అప్పుడే టోడ్రస్ వచ్చాడు. ఫైవిష్ ఎదురెళ్లి కథంతా వినిపించాడు. "ఈయన రాత ఎంత పవిత్రమంటే, స్వర్గంవాళ్లే తీసుకెళ్లిపోయారు" అని ముగించాడు. టోడ్రస్ వరస చివరిదాకా చూశాడు. అతని భార్య కూడా డబ్బీతో అక్కడే నిలబడి ఉంది.

"నిజం చెప్పాలంటే శ్రగా, ఆ పని టిబేరియా ఊరి లేఖకుడికిచ్చాం అని చెప్పడానికే వచ్చాను. ఇది చూశాక నా మనసు మారింది. తోరా నువ్వే రాయి."

ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మాట. నోరు మూసుకుంటే చాలు. శ్రగా ఖాళీ డబ్బీ పైకెత్తి చూపించాడు.

"స్వర్గం ఏమీ తీసుకెళ్లలేదండీ. నేనే పెట్టలేదు. ఏడేళ్లుగా ఆ ముసలమ్మ చేత ఉత్త డబ్బీకి ముద్దు పెట్టించాను. టిబేరియా ఆయన చేతే రాయించండి."

 ఇక తను ఎప్పటికీ తోరా రాయలేడని శ్రగాకు తెలుసు. అయినా పొద్దుటినుంచి బిగుసుకున్న గుండె అప్పుడే వదులైంది.

"ఏడేళ్లేంటి నాయనా?" వెనకనుంచి హిండా కుంటుతూ వచ్చింది. "ఆ వెండిది మా చెల్లి మొన్న హైఫాలో కొనిచ్చింది. రెండుంటే రెట్టింపు కాపలా కదా అని నీదాని పైన కొట్టించాను. నీది, గుమ్మానికి ఏటేటా నీలం రంగు మీద రంగు వేసేసరికి గోడకి అంటుకుపోయింది, ఊడి రాలేదు. ఇది ఊడొచ్చింది, తెచ్చాను."

"ఇందులో తోలు లేదు పిన్నీ."

"కొట్టువాడు విడిగా కొనాలని చెప్పలేదే."

అందరూ హిండా గుమ్మం దగ్గరికి పరిగెత్తారు. శ్రగా ఉలితో ఏడేళ్ల రంగు చెక్కి డబ్బీ తీశాడు. టోడ్రస్ తోలు విప్పి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆఖరి వరసదాకా చదివాడు. ఒక్క చుక్క చెదరలేదు.

"రాత బాగుంది" అన్నాడు. "బాగా రాసేవాళ్లు చాలామంది దొరుకుతారు. తప్పు తన మీద వేసుకునేవాణ్ని నేను ఇవాళే చూశాను. తోరా నీదే."

శ్రగా ఏడ్చాడు. ఫైవిష్ అతణ్ని కౌగిలించుకుని, ఇదంతా ముందే లెక్కలో వచ్చిందన్నాడు. వరసలోని వాళ్లు పాట అందుకున్నారు. చిందులేస్తున్న టోడ్రస్ ఒక్కసారి ఆగి పడమటి కొండవైపు చూశాడు. గంటన్నరలో సబ్బాతు, అంటే విశ్రాంతి దినపు దీపాలు వెలిగించాలి, ఆ తరవాత మేకు కొట్టకూడదు.

సఫేద్ కొత్త తోరా లేఖకుడు ఆ సాయంత్రం సుత్తి పట్టుకుని నూట పన్నెండు గుమ్మాల వెంట పరిగెత్తాడు, మందిరం పెద్ద వెనకాలే మేకులు అందించాడు.