హెచ్చార్ నిలబడాలి

సోమవారం పొద్దున్న ఎస్తర్ రాణి పెట్టుకున్న పనులు మూడే. ఎంబీఏ ఆఖరి సెమిస్టరులో ఏ సబ్జెక్టులు తీసుకోవాలో తేల్చుకోవడం, స్నేహితురాలు ఏంజెలిన్‌కి ఫోన్ చెయ్యడం, ఉప్మా తిని కాలేజీకి వెళ్లడం. అందులో ఉప్మా ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

తప్పనిసరి సబ్జెక్టులతో పేచీ లేదు. పేచీ అంతా ఎలెక్టివ్‌తో వచ్చింది, అంటే విద్యార్థి తన ఇష్టప్రకారం ఎంచుకునే సబ్జెక్టుతో. కాలేజీలో ఇష్టానికి కూడా కోరం ఉంది. కనీసం పదిమంది పేర్లిస్తేనే హెచ్చార్ నడుపుతారు. ఉద్యోగుల్ని తీసుకోవడం, వాళ్ల సెలవులు, సణుగుళ్లు చూసుకోవడం గురించిన సబ్జెక్టు అది. పదిమంది రాకపోతే అందర్నీ తీసుకెళ్లి ఫైనాన్స్‌లో కూర్చోబెడతారు. పేర్లివ్వడానికి గడువు శుక్రవారం.

ఫైనాన్స్‌లో కూర్చుంటే ఎస్తర్ ఈ ఏడాది లేవదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. మొదటి సెమిస్టర్లో అకౌంట్స్ పేపరు రెండోసారి రాస్తే గానీ గట్టెక్కలేదు. బ్యాలెన్స్ షీటుకి రెండువైపులా ఒకే మొత్తం రావాలన్నది ఆమెవరకు ఒక ఆశ మాత్రమే. అటు చూస్తే, రోలుగుంట రోడ్డులో అమ్మ జ్ఞానమణి పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. హెచ్చార్‌తో ఎంబీఏ పూర్తిచేసుకుని జూన్‌కల్లా వస్తే ఆ కుర్చీ నీదేనని, అందాకా ఎవరినీ పెట్టనని యజమాని ఈశ్వరరావు గారు మాటిచ్చారు. ఆ కుర్చీలో కూర్చుంటే కిటికీలోంచి అమ్మ జీడిపప్పు పొట్టు తీసే షెడ్డు కనిపిస్తుంది. వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఎస్తర్. జూన్ దాటకూడదు.

ఆమెతో కలిపి తొమ్మిదిమంది తేలారు. పదో మనిషి ఏంజెలిన్. ఆమెకి హెచ్చార్ ఇష్టమే గానీ, వాళ్ల నాన్న దయాకర్ బాబు గారికి కూతురు ఫైనాన్స్ చదివి బ్యాంకులో కూర్చోవాలని కోరిక. అందుకే ఎస్తర్ ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడింది. అయితే ఎస్తర్ వాళ్లింట్లో గొంతు తగ్గించినా, వంటగదికీ హాలుకీ మధ్య ఉన్నది గుడ్డతెర మాత్రమే.

"ఫైనాన్స్ నాకొద్దే. హెచ్చారే నిలబడాలి. నువ్వు మా వైపు వచ్చేస్తే నిలబడిపోతాం. మీ నాన్నకి మాత్రం ఇప్పుడే సెప్పకు," అంది ఎస్తర్. కాసేపు విని, "ఎలెక్టివ్ అయిపోయాక ఆయనేటి సేస్తారే?" అంది.

తెరకి ఇవతల జ్ఞానమణి చేతిలో గరిటె ఆగింది.

ఆమె పొరపడడంలో వింత లేదు. వచ్చే ఆదివారం వాళ్ల చర్చిలో కమిటీ ఎన్నిక. సెక్రటరీ పదవి, ట్రెజరర్ పదవి రెండూ ఏళ్ల తరబడి దయాకర్ బాబు గారివే. ట్రెజరర్ పనిని సంఘంలో అందరూ 'ఫైనాన్స్' అనే అంటారు. ఎలెక్టివ్ అన్నది ఆమె చెవికి ఎలక్షన్‌గానే వినబడింది, ఇక ఫ్యాక్టరీలో కూతురి కోసం ఉంచిన కుర్చీ ఆమెకి 'ఆఫీసు ఉద్యోగం' గానే తెలుసు గానీ హెచ్చార్ అన్న మాట తెలియదు. కాబట్టి జ్ఞానమణికి తెలిసిందేమిటంటే, తన కూతురు ఎలక్షన్‌లో నిలబడుతోంది. ఫైనాన్స్ వద్దట, అంతకన్నా పెద్దదేదో కావాలట. పైగా దయాకర్ బాబు గారి కూతుర్నే తన వైపు లాక్కుంటోంది. ఆమెకి భయం వేసింది. ఆ భయం కింద కాస్త గర్వం కూడా ఉంది. పిల్ల తనంతట తాను చెప్పేదాకా అడగకూడదని నిర్ణయించుకుంది.

కూతుర్ని అడగలేదు గానీ, షెడ్డులో పక్కన కూర్చునే పుష్పవతికి చెప్పకుండా ఉండలేకపోయింది.

"మా అమ్మాయి నిలబడతందొదినా. ఎవల్తోనీ అనకు."

"నానెందుకంటాను?" అంది పుష్పవతి. మధ్యాహ్నం అన్నాలవేళకి ఆ మాట షెడ్డంతా తిరిగొచ్చింది. చెప్పిన ప్రతి మనిషీ ఎవరితోనూ అనొద్దని జాగ్రత్త చెప్పే చెప్పింది. షెడ్డులో సగంమంది ఆ చర్చి వాళ్లే.

మర్నాటి నుంచి ఎస్తర్‌కి ఊళ్లో మర్యాద పెరిగింది. బస్సు దగ్గర ఒకావిడ చెయ్యి పట్టుకుని, "నిలబడమ్మా, ఎనకాడకు. మేమున్నాం," అంది. కూరగాయల దగ్గర ఇంకొకావిడ, ఇన్నాళ్లకి మన ఆడపిల్ల ఒకత్తి ముందుకొచ్చిందని నిమ్మకాయలు ఊరికే ఇచ్చింది. తన ఎలెక్టివ్ గురించి నర్సీపట్నం ఇంత ఆలోచిస్తుందని ఎస్తర్ ఎన్నడూ అనుకోలేదు. ఆమెకి కళ్లు చెమర్చాయి.

బుధవారం దయాకర్ బాబు గారు అబీద్ సెంటర్ దగ్గరున్న జ్ఞానరాజు టైలరింగ్ షాపుకి వచ్చారు. జ్ఞానరాజు ఎస్తర్ తండ్రి. దయాకర్ బాబు గారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, గొంతు పెంచడం ఎరగరు. ఎన్నికైన రోజున వేసుకోవడానికి సఫారీ సూటుకి గుడ్డ ఇచ్చి ఉన్నారు.

"నా గుడ్డ కోసేశావా జ్ఞానరాజూ?"

"కోసేశానండి. కుట్టాల."

"కుట్టకు. ఆదివారం దాంతో అవసరం ఉంటుందో, ఉండదో." ఆయన బల్ల మీదున్న సుద్దముక్కని సరిగ్గా పెట్టి, "మీ అమ్మాయి నిలబడుతోందటగా. దేనికి?" అన్నారు.

"హెచ్చార్‌కంటండి."

"అంటే?"

షాపుకొచ్చిన మనిషికి తెలియదని చెప్పడం జ్ఞానరాజు వృత్తిలో లేదు. ఆయన టేపు మెడలో సర్దుకుని కాసేపు ఆలోచించి, "హోల్ రెస్పాన్సిబిలిటీ అయ్యుంటాదండి," అన్నాడు.

దయాకర్ బాబు గారు ఉద్యోగమంతా ఇంగ్లీషు పాఠాలే చెప్పారు. ఆ స్పెల్లింగు హెచ్‌తో మొదలవదని ఆయనకి తెలుసు. అయినా అర్థం మాత్రం తగలవలసిన చోట తగిలింది. బాధ్యత మొత్తం, అంటే సెక్రటరీ, ట్రెజరర్ రెండూ అన్నమాట. ఇంటికి వెళ్లి, ఎస్తర్‌తో మాట్లాడొద్దని కూతురికి చెప్పి, భోజనం వద్దని పడుకున్నారు.

గురువారం పొద్దున్న ఏంజెలిన్ నుంచి మెసేజ్ వచ్చింది. నాన్నకి తెలిసిపోయింది, నీతో మాట్లాడొద్దన్నారు, రేపు నేను పేరివ్వలేను. అది చదివాక ఎస్తర్‌కి ఆ కుర్చీ, కిటికీ కళ్ల ముందే దూరంగా జరిగిపోతున్నట్టు అనిపించింది. ఒక పూటంతా ఆలోచించి, సాయంత్రం నేరుగా దయాకర్ బాబు గారింటికే వెళ్లింది. దాచుకోవడం వల్లే ఇంత దూరం వచ్చింది, ఉన్నమాట చెప్పేస్తే పెద్దమనిషి అర్థం చేసుకుంటారని ఆమె నమ్మకం.

"వందనాలండి మాస్టారూ. తప్పుగా అనుకోకండి. ఫైనాన్స్ ఒక్కటే గొప్పదనుకుంటే ఎలాగండి? హెచ్చార్ కూడా ఎవరో ఒకరు సూసుకోవాలి కదండి."

"ఇన్నాళ్లూ అన్నీ నేనే చూశానమ్మా."

"సూశారండి, కాదన్ను." కూతురి ఫీజులు, పుస్తకాలు ఆయనే చూశారని ఎస్తర్‌కి తెలుసు. "కానీ ఇష్టం లేనోళ్ల మీద రుద్దకూడదు కదండి. మీరు పెద్దోరని మొహమ్మీద ఎవరూ అనలేక ఊరుకున్నారు."

దయాకర్ బాబు గారు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. "నీ వైపు ఎంతమంది ఉన్నారు?"

"తొమ్మిదిమందండి. ఏంజెలిన్‌తో పది. తనకి మొదట్నుంచీ మనసు మా వైపే ఉందండి, మీకు భయపడి సెప్పలేదు."

కమిటీలో ఉండేది పదకొండుమంది. పదిమంది అటు పోతే ఇటు మిగిలేది తానొక్కడే అని ఆయన లెక్క వేసుకున్నారు. ఆమెకి టీ ఇప్పించారు. తాగాక గుమ్మందాకా వచ్చి సాగనంపారు కూడా. ఎస్తర్ ఆ మర్యాదని అంగీకారం అనుకోవాలో కాదనుకోవాలో తెలియక ఇంటికి వచ్చి, రాత్రి ప్రార్థనలో ఆ సంగతి దేవుడికే వదిలేసింది.

దయాకర్ బాబు గారు మాత్రం దేవుడికి వదిలెయ్యలేదు. తన చేతిలోంచి పోవడమే ఖాయమైతే ఇల్లు దాటి పోకూడదు కదా అనుకున్నారు. కూతుర్ని పిలిచి, "ఆ హెచ్చార్‌కి నువ్వు కూడా పేరియ్యి. మీ స్నేహితుల్ని కూడా వెంట తీసుకెళ్లు. ఎస్తర్‌కి ఎందులో తక్కువ నువ్వు?" అన్నారు.

ఏంజెలిన్ నమ్మలేకపోయింది. "నిజంగానే అంటన్నారా నాన్నా?"

"బేగి ఇచ్చెయ్యి, నా మనసు మారకముందే."

శుక్రవారం పొద్దున్నే ఆమె ఇద్దరు స్నేహితురాళ్లతో వెళ్లి పేరిచ్చేసింది. పదిమంది కావాల్సిన హెచ్చార్‌కి పన్నెండుమంది తేలారు. ఎస్తర్ నోటీసు బోర్డు ముందు నిలబడి అందరి పేర్లూ రెండుసార్లు చదువుకుంది. తన నాలుగు మాటలకే అంత పెద్దమనిషి మారిపోయారంటే, తనకి హెచ్చార్ తగిన సబ్జెక్టేనని అనుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు ఎన్నిక మొదలుపెట్టారు. సెక్రటరీగా ఎవరిని ప్రతిపాదిస్తారని అడగడం, ఆడవాళ్ల వైపు నుంచి ఎస్తర్ రాణి పేరు గట్టిగా వినిపించడం ఒక్కసారే జరిగాయి. ఎస్తర్ పాటల పుస్తకంలోంచి తలెత్తింది.

"ఎస్తరమ్మా, నిలబడతావా?" అన్నారు పాస్టర్ గారు.

చర్చిలో పాస్టర్ గారు నిలబడమంటే నిలబడడం ఆమెకి చిన్నప్పటి అలవాటు. లేచి నిలబడింది. ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

అప్పుడు దయాకర్ బాబు గారు కుట్టించుకోని సఫారీ బదులు పాత చొక్కాలో లేచి, తన కూతురి పేరు ప్రతిపాదించారు. ఏంజెలిన్ అయోమయంగా తండ్రి వైపు చూసింది.

"నేను శుక్రవారమే పేరిచ్చేశాను కదా నాన్నా, హెచ్చార్‌కి. కాలేజీలో."

"కాలేజీలో ఏటి?" అన్నారు దయాకర్ బాబు గారు. ఆయన నోట 'ఏటి' అన్న మాట సంఘం వినడం అదే మొదటిసారి.

"అది సబ్జెక్టండి మాస్టారూ," అంది నిలబడే ఉన్న ఎస్తర్. మిగతాది ఆమె చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. చెబుతూండగానే చూపులన్నీ ఒక్కొక్కటిగా జ్ఞానమణి మీదికి వెళ్లాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దయాకర్ బాబు గారు మాత్రం జ్ఞానరాజు వైపు చూశారు. జ్ఞానరాజు ముందు బల్ల మీద కూర్చున్నాయన చొక్కా కాలరు కుట్టు పరీక్షిస్తున్నాడు.

కాసేపటికి దయాకర్ బాబు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మొహం తేలికపడింది.

"ఈ అమ్మాయి గురువారం మా ఇంటికొచ్చి, ఇష్టం లేనివాళ్ల మీద రుద్దుతున్నానని నాతో అంది. కమిటీ గురించి కాదనుకోండి. కానీ ఇన్నేళ్లలో నాతో ఆ మాట అన్న మనిషి లేదు. రెండు పదవులూ ఒక్కడి దగ్గర ఉండడం మంచిది కాదు. సెక్రటరీగా మీరు ఉండమంటే ఉంటాను. ఎంబీఏ చదివే పిల్ల మనకుంది. ఫైనాన్స్ ఎస్తర్ రాణి చూస్తుంది."

"నాకు ఫైనాన్స్..." అని ఎస్తర్ మొదలుపెట్టింది. చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు.

"అభ్యంతరం ఉన్నవాళ్లు నిలబడండి," అన్నారు పాస్టర్ గారు.

ఎస్తర్ నిలబడే ఉంది. అభ్యర్థి కాబట్టి ఆమె నిలబడడాన్ని ఎవరూ పరిగణనలోకి తీసుకోలేదు.

సోమవారం షెడ్డులో పని మొదలవుతూండగా, ఆ చర్చికి రాని పుష్పవతి పీట దగ్గరకి లాక్కుంది.

"గెలిసిందేటి మీ అమ్మాయి?"

"గెలిసిందొదినా."

"దేనికి?"

జ్ఞానమణి చేతిలో పప్పు మీది పొట్టు ఊదేసి, "ఏదొద్దందో దానికే," అంది.