ఇల్లు యోగ్యమే

మనిషి జైల్లోకి వెళ్ళడానికి ఒక్క నేరం చాలు. బయటికి రావడానికి మాత్రం యోగ్యమైన ఇల్లు కావాలి. ఇది నా మాట కాదు, కఠిన పర్యవేక్షణ పెరోల్ గృహ నిబంధనల సారాంశం. (పూర్తి పాఠం చదవాలంటే శిక్షాకాలం చాలదు.)

మా తమ్ముడు ఒకే స్థలాన్ని ఊళ్ళో సగంమందికి అమ్మి లోపలికి వెళ్ళాడు. అబద్ధం వాడికి వెన్నతో పెట్టిన విద్య. శుక్రవారంలోగా ఎవరిదైనా ఇల్లు ఆమోదం పొందితే విడుదల, లేదంటే మళ్ళీ వచ్చే ఏడాది చూస్తామన్నారు. వాడంటే నాకు ప్రాణం. ఛాతీ విరుచుకుని మా ఇల్లుందన్నాను. పైగా పత్రికలో వారం వారం నీతుల శీర్షిక రాసేవాణ్ణి. ఇంతకన్నా యోగ్యమైన ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

గృహ యోగ్యతా పరిశీలనాధికారి గురువారం టేపు పట్టుకుని వచ్చారు. కిటికీలోంచి గాలి దూరవచ్చు, మనిషి దూరకూడదు. దూరలేదు. నేనే ప్రయత్నించి చూపించాను. (బయటికి లాగడానికి పక్కింటాయన రావలసివచ్చింది.) కత్తి అందని ఎత్తులో ఉండాలన్నారు. మా ఆవిడ అటక మీద పెట్టింది. ఇప్పుడది ఆవిడకీ అందదు కాబట్టి ఆ పూట కూర లేదు. పడగ్గదికి గడియ ఉండకూడదన్నారు. గడియ పీకితే తలుపు కూడా ఊడివచ్చింది. దాన్ని అదనపు సహకారంగా నమోదు చేసుకున్నారు.

"ఇల్లు బాగుందండీ. ఇక సంతకమే," అంటూ ఆయన పెన్ను మూత తీశారు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మా సంపాదకుడు. నా వ్యాసం గడువు ఎప్పుడో దాటిపోయింది. అలవాటు కొద్దీ మా ఆవిడ వైపు తిరిగి "లేనని చెప్పు" అన్నాను.

"ఆయన లేరండీ, ఇప్పుడే బయటికెళ్ళారు," అంది మా ఆవిడ. ఎంత సహజంగా అందంటే, ఒక్క క్షణం నాకే నేను లేననిపించింది.

అధికారి పెన్ను మూత పెట్టేశారు.

"మీ తమ్ముడు లోపలికెళ్ళింది దేనికండీ?"

"లేనిది ఉందని చెప్పి..."

"మీరు ఉన్నది లేదని చెప్పించారు. చెడు సావాసం నిబంధన కిందికి వస్తుంది."

"అయ్యో, ఇది అబద్ధమేంటి సార్! అందరిళ్ళల్లో ఉండేదేగా!"

"అందుకే ఎవరి ఇల్లూ ఆమోదం కావట్లేదు," అన్నారాయన, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. "ఇల్లు యోగ్యమే. మీరే అడ్డం."

"పెళ్ళయినప్పట్నుంచీ నేనూ అదే అంటున్నా సార్, ఎవరూ రాసుకోలేదు," అంది మా ఆవిడ. (ఆవిడ భర్త ఆజ్ఞ పాటించిన ఇల్లాలిగా నమోదైంది. పాటించడం అదే మొదటిసారి.)

నేను ఉంటే వాడు రాడు. వాడు రావాలంటే నేను ఉండకూడదు. అవతల జైల్లో వాడు దుప్పటి మడతపెట్టుకుని ఎదురుచూస్తుంటాడు. సంచీ సర్దుకున్నాను. నా త్యాగం గురించి లాడ్జి మేనేజరుకి వివరంగా చెప్పాను. ఆయన గుర్తింపు కార్డు అడిగారు.

తమ్ముడు మా ఇంటికొచ్చాడు. అనుమతి మీద, అధికారి సమక్షంలో, ఆదివారం మధ్యాహ్నాలు నేనూ రావచ్చు. ముందుగది కుర్చీ దాటకూడదు. మొన్న అలాగే కూర్చుని మా ఇంట్లో మా టీ తాగుతుండగా ఫోన్ మోగింది. మళ్ళీ సంపాదకుడే. ఈసారి తమ్ముడు తీశాడు. నోరు మెదిపితే తప్పుగానీ చేతికేం నిబంధన ఉందనుకుని చెయ్యి అడ్డంగా ఊపాను.

"ఉన్నారండీ," అన్నాడు వాడు వినయంగా. "ఎదురుగానే కూర్చున్నారు. లేనని చెప్పమని చెయ్యి ఊపుతున్నారు. ఇమ్మంటారా?"

మా ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. నాకూ గర్వంగానే అనిపించింది. వాడి నోట నిజం వినడం నాకు అదే మొదలు. అధికారి ఇద్దరి గురించీ రాసుకున్నారు.

తమ్ముడికి పర్యవేక్షణ సడలించారు. నా విడుదల మాత్రం నా సత్ప్రవర్తన మీద ఆధారపడి ఉంటుందట.