మైదానంలో అమ్మవారు

ఆ ఆదివారం తులసమ్మ వేసుకున్న పథకం చిన్నదే. భిలాయిలోని సుపేలా బజారుకు వెళ్ళి లేత వంకాయలు తేవాలి, కొడుక్కిష్టమైన గుత్తికూర వండాలి, అన్నంలో నెయ్యి వేస్తూ వేస్తూ మరోదా క్వార్టరు వద్దనిపించాలి. కొడుకు నరసింగరావుకు ఉక్కు ప్లాంటువాళ్ళు మరోదా సెక్టారులో విడిగా క్వార్టరు ఇచ్చారు. సోమవారంలోగా తీసుకోకపోతే ఇంకొకరికి పోతుంది. కొడుకూ కోడలూ వేరు కాపురం పెడితే ఇంట్లో మిగిలేది భర్త పరంధామయ్య. ఆయన నోరు తెరిచేది ఆవలించడానికే.

సెక్టారు మైదానం దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ పరబ్రహ్మం మాస్టారు వచ్చినవాళ్ళందరిచేతా నాట్యసాధన చేయిస్తున్నాడు. అడుగులు లేవు, తాళం లేదు, ఒంటికి ఏది తోస్తే అదే ఆట. తనకు అడుగులు పట్టుబడలేదు కనుక అడుగులే వద్దనే శాస్త్రం కనిపెట్టాడాయన. ఇద్దరు గుమాస్తాలు చెప్పులు పోగొట్టుకున్నవాళ్ళలా తిరుగుతున్నారు. ఒక ఇంజనీరుగారు తాను చెట్టునయ్యానని చెప్పి, నిలబడే కునుకు తీస్తున్నారు. వాళ్ళ మధ్య జుట్టు విరబోసుకుని, కళ్ళు మూసుకుని ఊగుతున్నది ఎవరో కాదు, ఎక్సర్‌సైజుకని ఇంట్లో చెప్పి వచ్చిన కోడలు కుముదిని.

"ఏటే రత్నం, ఆ ఊగుడేటి?" అంది తులసమ్మ, తోడు వచ్చిన పక్కింటి రత్నంతో.

"ఊగుడేటి పిన్నీ, అమ్మోరు పూనింది. మా మేనత్త అచ్చం ఇలాగే ఊగీది."

మండిపడబోయిన తులసమ్మ ఆగింది. నలుగురిలో అమ్మవారు పలికిన మాటకు తిరుగుండదు. మరోదా వద్దని ఆ నోటితో అనిపిస్తే కొడుకైనా కాదనలేడు.

"నువ్వెల్లి పసుపునీళ్ళు తే. ఏపమండలు మరిసిపోకు."

రత్నం ఒక్క చెంబు కోసం వెళ్ళి వీధినంతా వెంటబెట్టుకొచ్చింది. కొబ్బరికాయలు వచ్చాయి, హారతి వచ్చింది. బస్సు దిగినవాళ్ళు సామాన్లు పక్కన పడేసి సాష్టాంగపడ్డారు. ఇదంతా తన విద్య మహిమే అనుకున్నాడు మాస్టారు. "కళ్ళు తెరవకండి. లోపలున్నదాన్ని బయటికి రానివ్వండి," అని అరిచాడు. దాంతో జనానికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

"నా సైకిలెవడు పట్టుకుపోయాడు తల్లీ?"

"నా ప్రమోషన్ సంగతేటమ్మా?"

కాళ్ళమీద పసుపునీళ్ళు పడేసరికి కుముదిని ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "అత్తయ్యా, యే క్యా హై, ఏమిటిదంతా? ఇది ప్రాక్టీసు..."

"తల్లీ, దాన్ని మాటాడనీకు. నువ్వు మాటాడు," అని తులసమ్మ ఆ కాళ్ళు పట్టేసుకుంది. వాటికి నిజంగానే నుదురు ఆనించింది. "ఈళ్ళు మరోదా ఎల్లాలా, వొద్దా? నువ్వేటి సెప్తే అదే. ఈ జనమంతా సాచ్చికం."

కుముదిని అత్తగారిని చూసింది. జనాన్ని చూసింది. నెమ్మదిగా మళ్ళీ కళ్ళు మూసుకుని ఊగింది.

"తులసీ," అంది, కాపురానికి వచ్చాక ఒక్కనాడూ ఎత్తని పేరు. "జానే దో. ఎల్లనియ్యి. పాలు నీ చేత్తోనే పొంగించు."

అమ్మవారికి హిందీ ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళు భిలాయిలో ఉంటే ఎవరికైనా వస్తుంది. మాస్టారు మాత్రం కళ్ళు తుడుచుకుని, నాట్యం అప్పటికప్పుడు పుట్టడమంటే ఇదేనని శిష్యులకు చూపించాడు.

మర్నాడే నరసింగరావు క్వార్టరు తాళాలు తెచ్చుకున్నాడు. తులసమ్మ మరోదా వెళ్ళి కొత్త పొయ్యిమీద పాలు పొంగించింది. కళ్ళలో నీళ్ళేమిటని అడిగినవాళ్ళకు పొగ అని చెప్పింది.

అమ్మవారు మళ్ళీ కుముదిని మీదికి రాలేదు. వచ్చిన పని అయిపోయింది కదా.